స్టూడెంట్ వీసాతో ఇంటిల్లిపాదీ విదేశానికి: ఫిలిప్పీన్స్ కుటుంబం ఎలా సిద్ధం కావాలి?

మన ఇళ్లలో స్టూడెంట్ వీసా అంటే బీటెక్ ముగించిన కుర్రాడో అమ్మాయో సూట్‌కేసు సర్దుకుని విమానం ఎక్కడం. ఫిలిప్పీన్స్‌లో తీరు వేరు. అక్కడ ముప్పై దాటిన తల్లి గానీ తండ్రి గానీ మళ్లీ విద్యార్థి అవుతారు. రెండోవాళ్లు, పిల్లలు ఆ వీసా వెంట నడుస్తారు. నేను మనీలాలోని మకాటిలో పనిచేసిన రోజుల్లో మా ఆఫీసులో ఒకావిడ ఇలాగే బయలుదేరింది. అందరం ఆమెను ‘ఆతే’ అని పిలిచేవాళ్లం, మన అక్క అన్నట్టు. సాయంత్రాలు ఆమె ఫైలు ముందేసుకుని కూర్చున్నప్పుడు నేనూ పక్కనే ఉండేవాణ్ని. అక్కడి వాళ్లను పెళ్లి చేసుకున్న తెలుగువాళ్లు, గల్ఫ్‌లో వాళ్లతో కలిసి పనిచేసేవాళ్లు అడుగుతుంటారు కాబట్టి, ఆ పని ఏ వరుసలో చేయాలో వివరంగా రాస్తున్నాను.

లెక్కలు తేలిగ్గా అర్థం కావడానికి ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. ఊరు కవీతె. భర్తకు 38 ఏళ్లు, ఓడల్లో పని. భార్యకు 32, అకౌంటెంటు. పిల్లలకు పదేళ్లు, ఆరేళ్లు. ఇంట్లో లోలా, అంటే అమ్మమ్మ, కూడా ఉంది.

1. ముందు తేల్చాల్సింది: చదివేది ఎవరు?

చాలామంది దేశంతో మొదలుపెడతారు. అది తలకిందుల పని. భార్యాభర్తల్లో ఎవరు చదవాలన్నది మొదట తేలాలి, మిగతా ఫైలంతా దాని మీదే నిలబడుతుంది. ‘ఎవరికి ఇంగ్లిష్ బాగా వస్తే వాళ్లు’ అని తేల్చేయకండి. వయసు, పాత చదువు, చేస్తున్న ఉద్యోగం, ఈ మూడింటికీ అతికే కోర్సు ఎవరికి దొరుకుతుందో వాళ్లే విద్యార్థి.

వయసు ఎందుకంటే, ఆస్ట్రేలియాలో చదువయ్యాక ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే 485 వీసాకు 2024 జులై నుంచి 35 ఏళ్ల పరిమితి పెట్టారు. పరిశోధన డిగ్రీలు చేసినవాళ్లకు తప్ప మిగతా చాలామందికి ఇది వర్తిస్తుంది. మన కుటుంబంలో భర్త విద్యార్థిగా వెళ్తే చదువు చేతికొచ్చేసరికి ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. భార్య ఇప్పుడే మొదలుపెడితే రెండేళ్ల మాస్టర్స్ ముగిసేనాటికి 34, 35. అడ్మిషన్‌కూ వీసాకూ పట్టే నెలలు కలుపుకుంటే ఆమెకు కూడా ఊపిరి తిప్పుకునే వ్యవధి లేదు. ఒక కాగితం తీసుకుని ఇద్దరి పుట్టినరోజులు, కోర్సు మొదలు, కోర్సు ముగింపు రాసుకోండి. ఈ ఒక్క పనితో సగం కబుర్లు ఆగిపోతాయి.

పాత చదువు విషయంలో ఫిలిప్పీన్స్‌కు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అక్కడ బడి చదువు చాలాకాలం పదేళ్లే. 2013లో వచ్చిన చట్టం దాన్ని పన్నెండేళ్లు చేసింది, సీనియర్ హైస్కూల్ తొలి బ్యాచ్ 2018లో బయటికొచ్చింది. ఇప్పుడు ముప్పై దాటినవాళ్లంతా పాత పద్ధతివాళ్లే, పదేళ్ల బడి మీద నాలుగేళ్ల డిగ్రీ. కొన్ని విదేశీ విశ్వవిద్యాలయాలు ఆ డిగ్రీని పూర్తి బ్యాచిలర్స్‌గా లెక్కించవు. ఫీజు కట్టకముందే ‘నా డిగ్రీతో మాస్టర్స్‌లో చేర్చుకుంటారా?’ అని అడ్మిషన్స్ విభాగానికి ఈమెయిల్ రాసి, జవాబు దాచుకోవాలి.

2. దేశాన్ని కుటుంబం కళ్లతో చూడండి

ఒంటరిగా వెళ్లే విద్యార్థికి మంచిదైన దేశం కుటుంబానికి మంచిది కాకపోవచ్చు. బ్రిటన్ 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌లో చేరేవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోకుండా చేసింది. పీహెచ్‌డీ లాంటి పరిశోధన కోర్సులకు, ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వెళ్లేవాళ్లకు మాత్రమే మినహాయింపు. అందుకని మన కవీతె కుటుంబం జాబితాలో బ్రిటన్ ఉండదు.

కెనడా గురించి ఫిలిప్పీన్స్‌లో ఇంటింటికీ ఒక కథ ఉంటుంది. ఫలానా బంధువు రెండేళ్ల కాలేజీ డిప్లొమాలో చేరింది, ఆమె భర్తకు ఓపెన్ వర్క్ పర్మిట్, అంటే ఏ యజమాని దగ్గరైనా పని చేసుకునే అనుమతి, వచ్చింది, ఇద్దరూ సంపాదించి స్థిరపడ్డారు. ఆ కథ నిజమే, కాకపోతే అది నిన్నటిది. 2025 జనవరి 21 నుంచి జీవిత భాగస్వామికి ఆ పర్మిట్ కావాలంటే, చదివేవాళ్లు కనీసం 16 నెలల మాస్టర్స్‌లోనో, డాక్టరేట్‌లోనో, ఎంపిక చేసిన కొన్ని వృత్తి కోర్సుల్లోనో ఉండాలి. డిప్లొమా మీద వెళ్తే భర్తకు పని హక్కు రాదు. విద్యార్థి కూడా చదువు నడిచే రోజుల్లో బయట వారానికి 24 గంటలే పని చేయగలదు. దాంతో నలుగురు బతకలేరు. త్వరగా తేల్చే స్టూడెంట్ డైరెక్ట్ స్ట్రీమ్ కూడా 2024 నవంబరు 8న ఆగిపోయింది. అందుకని ముందు వెళ్లినవాళ్ల మాట ప్రేమగా వినండి, నియమం మాత్రం ఇవాళ్టి తేదీతో ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

ఆస్ట్రేలియాలో విద్యార్థి చదువు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పని చేయాలన్న పరిమితి ఉంది. విద్యార్థి మాస్టర్స్‌లో ఉంటే, కోర్సు మొదలయ్యాక భాగస్వామికి ఆ పరిమితి ఉండదు. అంటే రెండు దేశాల్లోనూ కుటుంబానికి దారి మాస్టర్స్ గుండానే.

3. డబ్బు: షో మనీ జోలికి పోవద్దు

‘షో మనీ’ అనే మాట ఫిలిప్పీన్స్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వీసా అధికారికి చూపించడానికి కొన్నాళ్లు ఖాతాలో పెట్టే అప్పు డబ్బు. హైదరాబాద్‌లో కొన్ని కన్సల్టెన్సీల చుట్టూ తిరిగినవాళ్లకూ ఈ వ్యవహారం కొత్త కాదు. నా మాటగా ఒక్కటే చెబుతాను, వద్దు. ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో ఐదు నెలలు బక్కగా ఉండి చివరి వారం లక్షలు వచ్చిపడితే అధికారి మొట్టమొదట దాన్నే చూస్తారు. అందుకే అక్కడి బ్యాంకు సర్టిఫికెట్ తీసుకునేటప్పుడు ఆ రోజు నిల్వ ఒక్కటే కాకుండా సగటు రోజువారీ నిల్వ కూడా రాయించుకోవాలి. తప్పుడు కాగితం బయటపడితే కెనడా ఐదేళ్లు తలుపు మూస్తుంది. ఆ దెబ్బ విద్యార్థితో ఆగదు, ఇంటి ప్రణాళిక మొత్తానికి తగులుతుంది.

ఇప్పుడు లెక్క. కెనడాలో 2025 సెప్టెంబరు 1 నుంచి ఒక మనిషి ఏడాది ఖర్చుకు 22,895 కెనడా డాలర్లు చూపాలి. నలుగురికైతే 42,543 డాలర్లు. డాలరుకు 40 పెసోలు అనుకున్నా 17 లక్షల పెసోలు. మొదటి ఏడాది ఫీజు, విమాన ఛార్జీలు వేరే.

ఆస్ట్రేలియాలో విద్యార్థికి 29,710, భాగస్వామికి 10,394, ఒక్కో బిడ్డకు 4,449 ఆస్ట్రేలియా డాలర్లు. బడి వయసు పిల్లలకు తలా 13,502 అదనం. మన కుటుంబానికి మొత్తం 76,006. డాలరు 37 పెసోల లెక్కన 28 లక్షలు దాటుతుంది, ఇందులోనూ కోర్సు ఫీజు లేదు. విద్యార్థి వీసా రుసుమే 2025 జులై నుంచి 2,000 డాలర్లు. వీసా రాకపోయినా అది తిరిగి రాదు.

ఈ అంకెలు చూసి బెంగపడే బదులు ఇంకో దారి ఆలోచించవచ్చు. మొదట విద్యార్థి ఒక్కరే వెళ్లి, ఒకటి రెండు సెమిస్టర్లు గడిచాక మిగతావాళ్లను పిలుచుకోవడం. లోలా ఇంట్లో ఉంటే పిల్లలకు ఆసరా ఉంటుంది, నిలకడ దొరికాక వాళ్లు వెళ్లవచ్చు. అయితే ఇలా వెళ్లినా మొదటి దరఖాస్తులోనే భర్త పేరు, ఇద్దరు పిల్లల పేర్లు రాయాలి. ‘ఒంటరి అంటే వీసా త్వరగా వస్తుంది’ అని చెప్పే మనిషి మాట వింటే, రేపు ఆ పిల్లల్నే తెచ్చుకోలేని స్థితి వస్తుంది.

డబ్బు ఎక్కడిదో చూపడంలో ఓడ ఉద్యోగులకు ఒక మేలుంది. ఫిలిప్పీన్స్ నిబంధనల ప్రకారం వాళ్ల మూల జీతంలో కనీసం 80 శాతం ఇంటికి చేరాలి, దాన్నే ‘అలాట్‌మెంట్’ అంటారు. అంటే నెల నెలా భార్య ఖాతాలో పడిన జమలు దానంతట అవే రుజువు. ప్రతి కాంట్రాక్టు, దానికి సంబంధించిన అలాట్‌మెంట్ స్లిప్పులు కలిపి ఒక్కో కట్టగా పెట్టండి.

4. కాగితాలు: ఒక్క అక్షరం

ఆతే ఫైల్లో నాకు బాగా గుర్తుండిపోయింది ఆమె కూతురి జనన ధ్రువపత్రం. పీఎస్‌ఏ, అంటే వాళ్ల గణాంక సంస్థ, ప్రత్యేకమైన కాగితం మీద ఇచ్చే పత్రం అది. పాస్‌పోర్టులో తల్లి ఇంటిపేరు ఒకలా ఉంది, ఇందులో చివరి అక్షరం వేరు. మన దగ్గర పదో తరగతి మెమోలో ఇనీషియల్ ఒకలా, ఆధార్‌లో ఒకలా ఉన్నట్టే. ఆవిడ వేలు ఆ అక్షరం మీద పెట్టి చాలాసేపు తీయలేదు.

ఫిలిప్పీన్స్‌లో మధ్య పేరంటే తల్లి పుట్టింటి ఇంటిపేరు. పెళ్లయ్యాక స్త్రీ భర్త ఇంటిపేరు పెట్టుకుంటే, ఆమె పుట్టింటి ఇంటిపేరు మధ్యకు జరుగుతుంది. ఈ జరుగుడులోనే తప్పులు దొర్లుతాయి. కాబట్టి అందరి జనన పత్రాలు, పెళ్లి పత్రం, పాస్‌పోర్టులు, డిగ్రీ ట్రాన్‌స్క్రిప్టు ఒకే బల్ల మీద పరిచి పేర్లు అక్షరం అక్షరం సరిచూడండి. రాత తప్పులను 9048 నంబరు చట్టం కింద కోర్టుకు వెళ్లకుండా స్థానిక సివిల్ రిజిస్ట్రార్ దగ్గరే దిద్దించుకోవచ్చు. పుట్టిన తేదీలో రోజు, నెల తప్పయితే 2012 నాటి 10172 చట్టం ఉంది. సంవత్సరమే తప్పయితే కోర్టు తప్పదు. దేనికైనా నెలలు పడుతుంది, అందుకే ఇది అడ్మిషన్‌కన్నా ముందు చేయాల్సిన పని.

డిగ్రీ పత్రాలకు ఉన్నత విద్యా కమిషన్ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్, అంటే పత్రం విదేశాల్లో చెల్లడానికి వేసే ధ్రువీకరణ, అవసరం కావచ్చు. పోలీసు రికార్డుకు ఎన్‌బీఐ, అంటే జాతీయ దర్యాప్తు సంస్థ, ఇచ్చే క్లియరెన్స్. పిల్లల పాస్‌పోర్టు గడువు ఐదేళ్లే. కెనడా పర్మిట్ పాస్‌పోర్టు గడువు దాటి ఇవ్వరు కాబట్టి ముందే కొత్తవి తీసుకోండి. భార్యాభర్తలు విడిపోయి ఉంటే ఇంకా జాగ్రత్త. ముస్లింలకు తప్ప అక్కడ సాధారణ విడాకుల చట్టం లేదు. విడిగా బతుకుతున్నా కాగితం మీద పెళ్లి అలాగే ఉంటుంది, దరఖాస్తులో దాన్ని ఉన్నదున్నట్టు రాయాలి.

5. ‘ఎందుకు ఈ చదువు?’ ఉత్తరం

ఆస్ట్రేలియా 2024 మార్చి 23 నుంచి ‘నిజమైన విద్యార్థి’ అనే షరతు పెట్టింది, ఈ చదువు ఎందుకో దరఖాస్తులో రాసి ఒప్పించాలి. కెనడాలో ఇలా రాసే ఉత్తరాన్ని స్టడీ ప్లాన్ అంటారు. ఇంటర్నెట్‌లో దొరికే నమూనా కాపీ చేస్తే ఫైలు అక్కడే చచ్చిపోతుంది. మన అకౌంటెంటు ‘మీ దేశం అందమైనది, బహుళ సంస్కృతులది’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ఇలా రాస్తే తెలుస్తుంది: ‘తొమ్మిదేళ్లుగా గోదాముల ఖాతాలు చూస్తున్నాను. లెక్కలు సాఫ్ట్‌వేర్‌లోకి మారాక నా కింద చేరినవాళ్లు నాకన్నా వేగంగా రిపోర్టులు తీస్తున్నారు. ఈ కోర్సులోని డేటా విశ్లేషణ పాఠాలు నాకు అందుకే కావాలి.’ భర్త, పిల్లలు వెంట వస్తే కవీతెలో ఏం మిగులుతుందో కూడా రాయండి: ఇల్లు, లోలా, తిరిగొస్తే దొరికే పని. స్థిరపడాలన్న ఆశ ఉంటే అబద్ధమాడక్కర్లేదు. రెండు ఉద్దేశాలూ ఉండటాన్ని కెనడా చట్టం ఒప్పుకుంటుంది, కానీ గడువయ్యాక అనుమతి లేకపోతే వెళ్లిపోతారని అధికారికి నమ్మకం కలగాలి.

6. మెడికల్‌ను చివరికి నెట్టకండి

ఫిలిప్పీన్స్‌లో క్షయ ఎక్కువ. పదకొండేళ్లు నిండిన అందరికీ ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. పాత మచ్చ కనిపించినా వరసగా మూడు రోజులు ఉదయాన్నే కఫం ఇవ్వాలి, కల్చర్, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్ష, ఫలితానికి రెండు నెలల దాకా పడుతుంది. ఒక్కరికి ఇలా జరిగితే కుటుంబమంతా ఆగాల్సి వస్తుంది. ఎప్పుడైనా మందులు వాడినవాళ్లు పాత ఎక్స్‌రేలు, చికిత్స పూర్తయిన కాగితం వెతికి తీసుకెళ్లండి. ఆ దేశం గుర్తించిన ప్యానెల్ డాక్టరు దగ్గరికే వెళ్లాలి, ఫలితాన్ని వాళ్లే నేరుగా పంపుతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. నయమయ్యే జబ్బు అది.

7. ఏజెంటు

కెనడా ఫైలుకు డబ్బు తీసుకుని సలహా ఇచ్చేవాళ్లు లైసెన్సున్న కన్సల్టెంటో న్యాయవాదో అయి ఉండాలి. కన్సల్టెంట్ల పేర్లు వాళ్ల నియంత్రణ సంస్థ (దాన్ని అక్కడ ‘కాలేజ్’ అంటారు) రిజిస్టర్‌లో ఎవరైనా చూడవచ్చు. స్టూడెంట్ వీసాతో పాటు ఉద్యోగం కూడా ఖాయమన్నవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి. ఉద్యోగాలకు మనుషుల్ని పంపాలంటే వలస కార్మికుల శాఖ లైసెన్సు ఉండాలి, చదువు వీసా పేరుతో ఆ పని చేయకూడదు.

8. బయలుదేరే వారం

ఇల్లు, పాగ్-ఇబిగ్ (ప్రభుత్వ గృహనిధి) గృహరుణం, ఎస్‌ఎస్‌ఎస్ (సామాజిక భద్రతా నిధి) చెల్లింపులు చూసుకోవడానికి నమ్మకమైన తోబుట్టువు పేర పవర్ ఆఫ్ అటార్నీ నోటరీ చేయించండి. విమానానికి ముందు 72 గంటల్లో ఈట్రావెల్ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రయాణ నమోదు చేసుకోవాలి. అది ఉచితం, డబ్బు అడిగే సైటు నకిలీది. మనీలా ఎయిర్‌పోర్టులో అధికారులు ప్రయాణాన్ని ఆపేయడాన్ని అక్కడ ‘ఆఫ్‌లోడ్’ అంటారు. అందుకని అడ్మిషన్ లేఖ, ఫీజు రసీదు, ఇంటి అద్దె కాగితం, పెళ్లి పత్రం, పిల్లల జనన పత్రాలు చేతి సంచిలోనే ఉంచుకోండి. పిల్లలు తల్లిదండ్రులు కానివాళ్లతో తర్వాత వెళ్లేటట్టయితే, సంక్షేమ శాఖ ఇచ్చే ట్రావెల్ క్లియరెన్స్ ముందుగా తీసుకోవాలి.

కెనడాలో స్టడీ పర్మిట్ అసలు కాగితం చేతికిచ్చేది దిగిన ఎయిర్‌పోర్టులోనే. అలసటతో దాన్ని మడిచి సంచిలో పెట్టేయకండి. పేరు, పుట్టిన తేదీ, గడువు, పని చేసే షరతులు అక్కడే నిలబడి చదవండి. తప్పుంటే ఆ కౌంటర్ దగ్గరే చెప్పండి. బయటికొచ్చాక దిద్దించుకోవాలంటే మళ్లీ దరఖాస్తు, మళ్లీ నెలల ఎదురుచూపు.