గింజల పళ్లెం దగ్గర డేగ కాపు కాస్తోందా? లక్షణం, కారణం, పరిష్కారం

హనుమకొండలో మా డాబా మీద పొద్దున్నే గుప్పెడు నూకలు, జొన్నలు చల్లడం అమ్మ అలవాటు. ఒకరోజు ఆమె మెట్లు దిగి వచ్చి, "గువ్వను డేగ ఎత్తుకపోయింది బిడ్డా, నేనే పిలిచి చంపించినట్టయింది" అని కూర్చుండిపోయింది. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటి నుంచి గమనించినవి, తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

గింజలు అలాగే ఉన్నాయి, పిట్ట ఒక్కటీ లేదు

చాలాసార్లు డేగ అక్కడే ఉంటుంది, మనకు కనిపించదు. మన ఊళ్లలో ఇళ్ల మధ్య వేటాడేది ఎక్కువగా షిక్రా అనే చిన్న డేగ. పావురమంత ఉంటుంది. పైన బూడిద రంగు, రొమ్ము మీద ఇటుకరంగు సన్నని అడ్డ చారలు. పిల్ల డేగకైతే గోధుమరంగు నిలువు మరకలుంటాయి. చెట్టు చిటారున కూర్చోదు, వేపచెట్టు లోపలి కొమ్మ మీద ఆకుల చాటున ఉంటుంది. మీ కళ్లకంటే ఉడుతను నమ్మండి. ఉడుత ఆపకుండా ఒకే చోటికి చూస్తూ అరుస్తున్నా, పసులపోలిగాడు ఒక కొమ్మ మీదికి పదే పదే దూకుతున్నా డేగ అక్కడున్నట్టే.

ఒకటి రెండు గంటల్లో వెళ్లిపోతే మీరు చేయాల్సిందేమీ లేదు. రోజూ వస్తుంటే గింజలు వేయడం వారం పది రోజులు ఆపేయండి. పిట్టలు ఒక చోట గుమిగూడకపోతే డేగ వేరే చోటు చూసుకుంటుంది. పిట్టలు ఆకలితో చస్తాయన్న టెన్షన్ వద్దు, వాటికి మన పళ్లెం ఒక్కటే ఆధారం కాదు. ఎండాకాలమైతే నీళ్ల మూకుడు మాత్రం తీయకండి, దాన్ని చెట్టు నీడలోకి జరపండి.

ఒక పొరపాటు పడకండి. అచ్చం డేగ వేషంలో ఉండే ఒక కోకిల జాతి పిట్ట కూడా ఉంది. వేసవిలో గొంతు పెంచుకుంటూ పెంచుకుంటూ అరిచేది అదే. దాని ముక్కు సన్నగా ఉంటుంది, డేగ ముక్కులా బలంగా కిందికి వంగి ఉండదు. అది తినేది ఎక్కువగా గొంగళి పురుగులు.

నేల మీద ఈకలు కనిపించాయి

డేగ అనుకునే ముందు ఒక ఈక చేతిలోకి తీసుకుని కాడ చివర చూడండి. డేగ ఈకలను ఒక్కొక్కటే పీకి పక్కన పడేస్తుంది కాబట్టి కాడ నిండుగా ఉంటుంది, ఈకలన్నీ ఒకే చోట కుప్పగానో వలయంగానో పడి ఉంటాయి. పిల్లి కొరికితే కాడలు విరిగి, నలిగి, ఎంగిలితో అంటుకుపోయి ఉంటాయి. మా డాబా మీద నేను తీసిన మొదటి ఈక కాడ విరిగి ఉంది. అన్నాళ్లూ డేగను తిట్టుకున్నాం, సగం పని పక్క గోడ మీది పిల్లిది.

ప్రతిసారీ ఒకే వైపు నుంచి వచ్చి కొడుతోంది

అసలు సమస్య ఇదే, మన చేతిలో ఉన్నదీ ఇదే. చిన్న డేగ బలం దూరం పరుగెత్తడంలో లేదు, చాటు నుంచి హఠాత్తుగా మీద పడటంలో ఉంది. చెట్టు దిగి, పిట్టగోడ చాటున కిందుగా ఎగురుతూ వచ్చి చివరి క్షణంలో పైకి లేస్తుంది. మేం పళ్లెం పెట్టింది సరిగ్గా స్లాబు నడుమ. పిట్టలు పారిపోవాలంటే ఎటు చూసినా ఖాళీయే.

గింజలను గుబురు పొదకు ఎనిమిది, పది అడుగుల దూరంలో పెట్టండి. గోరింట, కాగితం పూలు, నిమ్మ లాంటి ముళ్లో చిక్కుకొమ్మలో ఉన్నవి మేలు. అంతకంటే దగ్గరైతే పొద కింద పిల్లి మాటు వేస్తుంది, దూరమైతే పిట్టకు అందదు. డాబా మీదైతే రెండు పెద్ద కుండీల్లో గుబురు మొక్కలు పెట్టినా పనికొస్తుంది. డేగ వచ్చే దారికి అడ్డంగా ఒక పాత మంచమో తడకో నిలబెట్టండి. తిన్నగా దూసుకు రాలేకపోతే పిట్టలకు ఒకటి రెండు క్షణాలు దొరుకుతాయి, వాటికి అవి చాలు.

పిచ్చుకలకైతే ఇంకో ఉపాయం ఉంది. ఒకటిన్నర అంగుళం కన్నాల ఇనుప జాలీతో పెట్టెలా కట్టించి, దాని లోపల పళ్లెం జాలీ గోడలకు ఆరంగుళాల ఎడంగా ఉండేలా పెట్టండి. పిచ్చుక దూరుతుంది, డేగ కాలు అందదు. గువ్వలు దూరలేవు కాబట్టి వాటికి పొద వైపు కొద్దిగా చల్లండి, అదీ అవి అప్పటికప్పుడు తినేసేంతే. రోజూ గంట కొట్టినట్టు అదే సమయానికి వేస్తే డేగకూ ఆ సమయం అలవాటవుతుంది.

బెదిరి కిటికీ అద్దానికి గుద్దుకుంటున్నాయి

అద్దంలో ఆకాశం, చెట్టు కనబడి అటే వెళ్తాయి. పళ్లెం అద్దానికి మూడు అడుగుల లోపే ఉంటే వేగం అందుకోవు, గట్టిగా తగలదు. లేదంటే ముప్పై అడుగుల అవతల పెట్టండి. అద్దం బయటి వైపు రెండేసి అంగుళాల ఎడంతో సున్నపు గీతలు గీసినా చాలు. దెబ్బ తిన్న పిట్ట నోట్లో నీళ్లు పోయకండి. కన్నాలు పెట్టిన చెప్పుల అట్టపెట్టెలో చీకట్లో గంటా రెండు గంటలు ఉంచి, ఆరుబయట మూత తీయండి.

పైన పెద్ద గద్ద తిరుగుతోంది

తోక చీలి ఉంటే అది మామూలు గద్ద. దానికి కావాల్సింది చికెన్ వ్యర్థాలు, చచ్చిన ఎలుకలు. చెత్తబుట్టకు మూత పెట్టండి.

గులేరుతో కొట్టడం, టపాసులు పేల్చడం, నైలాన్ వల కట్టడం మాత్రం ఎవరూ చేయొద్దు. వలలో మొదట చిక్కేది పిచ్చుకే. డేగకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎండాకాలంలో అది అంతగా వేటాడుతోందంటే గూట్లో దాని పిల్లలూ నోళ్లు తెరుచుకుని ఉండొచ్చు. గాయపడిన డేగ కనిపిస్తే అటవీ శాఖకు చెప్పండి.

మా పళ్లెం ఇప్పుడు గోరింట పక్కన ఉంది. డేగ ఇప్పటికీ వస్తుంది. మొన్న పిట్టగోడ మీద కూర్చుని ఒక తొండను తాపీగా తింటుంటే, పొదలో పిచ్చుకలన్నీ ఊపిరి బిగబట్టి కూర్చున్నాయి. అది ఎగిరిపోయాక మొదటి పిచ్చుక గింజల మీద వాలేదాకా అమ్మ తలుపు దగ్గరే నిలబడి చూసింది.