రాసింది ఒకటి, చదివింది ఇంకొకటి: పంట సమస్యను ఫోనులో రాసేటప్పుడు వచ్చే తప్పులు, సవరణలు

చేలో నిలబడి మాట్లాడుతుంటే చేయి చూపిస్తాం, దుబ్బు పీకి చూపిస్తాం, గొంతు మార్చి అడుగుతాం. రాతలో ఇవేవీ ఉండవు. మారుటేరు వరి పరిశోధన కేంద్రంలోనో మండల కేంద్రంలోనో కూర్చుని చదివేవారికి కనిపించేది మనం టైపు చేసిన అక్షరాలే. సార్వా (ఖరీఫ్) అయినా దాళ్వా (రబీ) అయినా, వరి అయినా రొయ్య అయినా, సలహా తప్పుగా వచ్చిందంటే చాలాసార్లు ప్రశ్న రాయడంలోనే తేడా ఉంటుంది. ఏ లక్షణం కనిపిస్తే ఎక్కడ వెతకాలో, ఎలా సరిచేయాలో కింద ఉంది.

వద్దని రాస్తే చేసేశారు

ఇది అన్నిటికంటే ప్రమాదకరం, అందుకే ముందు. "ఈ వారం మందు కొట్టొద్దు" అని పంపితే అవతలివారు "కొట్టొచ్చు" అని చదువుకున్నారు. లేదా కీబోర్డు సూచించిన మాటల్లో పక్కదాని మీద వేలు పడింది.

కారణం మాట నిర్మాణంలోనే ఉంది. కొట్టవచ్చు అన్నది వాడుకలో కొట్టొచ్చు అవుతుంది, కొట్టవద్దు అన్నది కొట్టొద్దు అవుతుంది. సరేనన్న మాటకీ వద్దన్న మాటకీ మధ్య మిగిలేది చివర ఒక్క జంటాక్షరం. ఎండలో చిన్న తెర మీద చ్చు, ద్దు ఒకలాగే కనిపిస్తాయి. విడదీసి "కొట్ట వద్దు" అని రాస్తే ఇంకో చిక్కు: పంక్తి చివర "కొట్ట" ఆగిపోయి, "వద్దు" కింది పంక్తిలోకి పోతుంది.

సవరణ: వద్దని చెప్పేటప్పుడు ఎప్పుడూ "కూడదు" వాడండి. "కొట్టకూడదు", "వేయకూడదు", "నీరు పెట్టకూడదు". "కొట్టవద్దు" అని పూర్తిగా రాసినా "కొట్టవచ్చు"కు దగ్గరగానే ఉంటుంది కాబట్టి అది చాలదు. కూడదును మాత్రం ఎవరూ వచ్చు అని చదవలేరు.

ఇలాంటిదే ఎండిన, ఎండని. ఒక్క గుడి పక్క అక్షరం మీదకు జరిగితే అర్థం తిరగబడుతుంది. ధాన్యం కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధన ఉన్నప్పుడు "ఎండని ధాన్యం 60 బస్తాలు ఉన్నాయి" అన్న వాక్యంలో ఆ గుడి ఏ అక్షరం మీద ఉందో అన్నదాని మీదే లారీ రావడం, రాకపోవడం ఆధారపడుతుంది. పండిన, పండని, మునిగిన, మునగని కూడా ఈ కోవలోవే. విశేషణంగా పెట్టకుండా క్రియగా విప్పి రాస్తే సరిపోతుంది: "ధాన్యం ఇంకా ఎండలేదు. తేమ 19 శాతం ఉంది."

దీర్ఘం పోయింది, ఒత్తు పోయింది

కాలువ కలువ అయింది, వారి చేను వరి చేను అయింది, పూట పుట అయింది. ఎరువు అడిగితే అరువు అడిగినట్టు పడింది. వీటిలో చాలావాటిని చదివేవారు సందర్భాన్ని బట్టి సరిచేసుకుంటారు. ఇబ్బందల్లా రెండు అర్థాలూ ఆ సందర్భంలో ఇమిడినప్పుడే. తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసేవారికి ఇది ఎక్కువగా ఎదురవుతుంది. కళ్లు, కాళ్లు, కల్లు మూడూ ఆ అక్షరాల్లో ఒకలాగే పడతాయి. గేదెకు వాచింది కళ్లా, కాళ్లా అన్నది పశువైద్యుడికి తెలియకపోతే సలహా అక్కడే ఆగిపోతుంది.

ఇంగ్లిషు అక్షరాల్లో రాయడం అలవాటైతే మానక్కర్లేదు. దీర్ఘం ఉన్నచోట అచ్చును రెండుసార్లు కొట్టండి, శరీర భాగాలూ పురుగుల పేర్లూ మాత్రం తెలుగు లిపిలో పెట్టండి. అర్థం, అర్ధం తేడా కూడా గుర్తుంచుకోవాలి: ధ ఒత్తు ఉన్నది సగం, థ ఒత్తు ఉన్నది భావం. "అర్ధ ఎకరం" సరైనదే, "అర్ధం కాలేదు" తప్పు.

ఒక చుక్క లేక రెండు పనులు కలిసిపోయాయి

"నీళ్లు వదిలారు రాత్రి మందు కొట్టాం." ఇందులో రాత్రి జరిగింది ఏది? నీళ్లు వదలడమా, మందు కొట్టడమా?

మాటల్లో మనం కాలాన్ని క్రియ తర్వాత కూడా చెబుతాం. "వదిలారండీ, రాత్రి" అంటాం. కాబట్టి మధ్యలో ఉన్న మాట అటైనా పోతుంది, ఇటైనా పోతుంది. తెలుగు వాక్యం క్రియతో ముగుస్తుంది కనుక చుక్క లేకపోయినా నడిచిపోతుందని చాలామంది అనుకుంటారు. క్రియ తర్వాత ఇంకేమీ రానప్పుడే అది నిజం.

సవరణ రెండు మెట్లు. కాలం చెప్పే మాటను వాక్యం మొదటికి తీసుకురండి. క్రియ పడగానే చుక్క పెట్టండి. "రాత్రి నీళ్లు వదిలారు. ఉదయం మందు కొట్టాం." వరసగా నాలుగు చుక్కలు పెట్టే అలవాటు దీనికి మందు కాదు. నాలుగు చుక్కలు వాక్యం ముగిసిందని చెప్పవు, ఇంకా ఏదో ఉందని చెబుతాయి.

కామా లేకపోయినా ఇదే గొడవ. కొబ్బరి గురించి కోనసీమ నుంచి వచ్చే ప్రశ్నలు తరచూ ఈ తీరులో ఉంటాయి:

"అండి మాది రాజోలు దగ్గర కొబ్బరి ఆకులు నల్లగా అయిపోయింది జిగురు కారుతుంది తెల్ల పురుగు మందు కొట్టాం తగ్గలా ఏం చేయాలి"

"తెల్ల పురుగు" ఉందనీ, దానికి మందు కొట్టారనీ చదవాలా? తెల్లటి పురుగుమందు ఏదో కొట్టారని చదవాలా? ఏ మందో, ఎంతో, ఎప్పుడో లేదు. తెల్లగా ఉన్నది ఆకుల అడుగున వలయాలుగా గుడ్లు పెట్టే రుగోస్ తెల్లదోమా, పిండినల్లా అన్నది కూడా తేలదు. అదే విషయం ఇలా రాస్తే:

"మాది రాజోలు మండలం. 15 ఏళ్ల కొబ్బరి, 80 చెట్లు. కింది మట్టల ఆకుల అడుగున తెల్లటి వలయాలు ఉన్నాయి. ఆకుల పైభాగం నల్లబడింది, జిగురు పడుతోంది. జనవరి 5న వేపనూనె లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల చొప్పున, సబ్బుపొడి కలిపి కొట్టాం. పది రోజులైనా తగ్గలేదు. మళ్లీ అదే కొట్టాలా?"

వలయాలు అన్న ఒక్క మాటతో అది రుగోస్ తెల్లదోమ అని చదివేవారికి తెలిసిపోతుంది. నలుపు వేరే తెగులు కాదనీ, దోమ విసర్జించే జిగురు మీద పెరిగిన బూజు అనీ వెంటనే చెప్పగలుగుతారు. ఒక్కో వాక్యంలో ఒక్కటే సంగతి ఉంది కాబట్టే ఇది కుదిరింది.

వారం అంటే ఎప్పటి నుంచి వారం?

"నాట్లు వేసి కలుపు మందు చల్లి నీళ్లు తీసి మళ్లీ పెట్టి యూరియా వేసి వారానికి ఆకులు పసుపు తిరిగాయి."

వేసి, చల్లి, తీసి, పెట్టి అంటూ గొలుసు కట్టుకుంటూ పోవడం తెలుగుకు సహజం, కథ చెప్పేటప్పుడు అందంగా కూడా ఉంటుంది. సమస్య చెప్పేటప్పుడు మాత్రం చివరి కాలం దేనికి తగులుకుందో తెలియదు. నాటిన వారానికా, యూరియా వేసిన వారానికా? జవాబు దీన్ని బట్టే మారుతుంది.

ఇంకో వ్యాకరణ సంగతి. వేసి, పెట్టి లాంటి రూపాలు రెండు పనులూ ఒకరే చేసినప్పుడు ఇముడుతాయి. "నీళ్లు పెట్టి ఆకులు పసుపు తిరిగాయి" అంటే నీళ్లు పెట్టింది ఆకులే అయినట్టు పడుతుంది. "వాన పడి చేను మునిగింది" లాంటి కారణం చెప్పే వాక్యాలు చెల్లుతాయి గానీ, సందేహం ఉన్నప్పుడు "పెట్టాక", "వేసిన తర్వాత" అని రాయడమే క్షేమం.

సవరణ: వరసలో రెండు పనులకు మించి ఉంటే గొలుసు తెంచి, ప్రతి పనికీ తేదీ పెట్టండి. ఆకులు అన్నప్పుడు ఏ ఆకులో కూడా రాయండి. ముందు కింది ముదురు ఆకులు పసుపైతే నత్రజని లోపాన్ని అనుమానిస్తారు, కొత్తగా వచ్చే ఆకులు పాలిపోతే ఇనుము లోపాన్ని. "ఆకులు" అని వదిలేస్తే రెండూ సమానమే.

అంకెలు దెబ్బతీశాయి

చుక్క పడకపోతే మోతాదు పదింతలవుతుంది. వరిలో అగ్గితెగులుకు ట్రైసైక్లాజోల్ 75 శాతం పొడి మందు లీటరు నీటికి 0.6 గ్రాములు. దీన్ని ".6" అని రాస్తే చుక్క కంటికి ఆనదు, 6 అని చదువుతారు. చుక్క ముందు సున్నా తప్పనిసరి. అంతకంటే గట్టి కాపలా ఇంకొకటి ఉంది: లీటరుకు ఎంతో, ఎకరాకు ఎంతో రెండూ రాయండి. "లీటరుకు 0.6 గ్రాములు, ఎకరాకు 200 లీటర్ల నీటిలో 120 గ్రాములు." ఒకటి తప్పు పడినా రెండోదానితో గుణించి చూస్తే బయటపడుతుంది.

పొలం కొలత దగ్గర చుక్కకు రెండు వాడుకలున్నాయి. ఎకరం 5 సెంట్లను కొందరు 1.5 అని రాస్తారు, ఎకరంన్నరను కూడా 1.5 అనే రాస్తారు. ఎకరాకు 100 సెంట్లు కాబట్టి మొదటిది 1.05 కావాలి, రెండోది 1.50. మాటల్లో "1 ఎకరం 5 సెంట్లు" అని రాస్తే అసలు గొడవే లేదు.

బస్తా అన్న మాట ఒంటరిగా పంపకండి. మన గోదావరి వైపు ధాన్యం బస్తా 75 కిలోలు, యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. "ఎకరాకు బస్తా వేశాం" అంటే చదివేవారు ఊహించుకోవాలి. కిలోల్లో రాయండి.

తేదీల్లో అడ్డగీత వద్దు. "నారు 10-12కి పోశాం" అంటే డిసెంబరు 10 కావచ్చు, 10 నుంచి 12 లోపు కావచ్చు. నెల పేరు అక్షరాల్లో రాయాలి. మి.లీ. అని పొడి అక్షరాలు వాడితే రెండు చుక్కలూ పెట్టాలి, లేదంటే మిల్లీలీటర్లు అని నిండుగా రాసేయడం మంచిది.

ఒకటా, చాలానా?

"రొయ్యలు చనిపోతుంది", "ఆకులు ఎండిపోయింది." బహువచనానికి ఏకవచన క్రియ తగిలించడం వల్ల చెరువులో అక్కడక్కడా ఒకటి పోతోందా, గుట్టలుగా పోతున్నాయా అన్నది తేలదు. రొయ్యలు చనిపోతున్నాయి, ఆకులు ఎండిపోయాయి. నీరు వచ్చింది, కానీ నీళ్లు వచ్చాయి. నీళ్లు, పాలు, వడ్లు ఎప్పుడూ బహువచనమే. చెక్‌ట్రేలో, అంటే మేత తిన్నదీ లేనిదీ చూసే పళ్లెంలో, చనిపోయినవాటి లెక్క కూడా ఇస్తే ఇంకా మేలు: "ఈ ఉదయం చెక్‌ట్రేలో 4 చనిపోయి ఉన్నాయి."

ప్రశ్న అడిగితే వార్త అనుకున్నారు

"కాలువకు నీళ్లు వదిలారు" అని పడింది, అడగాలనుకున్నది "వదిలారా". తెలుగులో అవునా కాదా అని అడిగే ప్రశ్నను మోసేది చివరి దీర్ఘమే, ప్రశ్నార్థకం దానికి తోడు మాత్రమే. గొంతుతో టైపు చేసేటప్పుడు ఆ దీర్ఘం తరచూ జారిపోతుంది. పంపే ముందు చివరి మాట ఒక్కటి చూసుకోండి చాలు. ప్రశ్నలు మూడుంటే 1, 2, 3 అని అంకెలు వేసి విడివిడి పంక్తుల్లో పెట్టండి. కలిపి రాస్తే చివరిదానికే జవాబు వస్తుంది. సందేశం పొడవైతే వాట్సాప్ దాన్ని మధ్యలో మడిచేస్తుంది, కనుక ప్రశ్న మొదటి రెండు పంక్తుల్లోనే ఉండాలి.

అక్షరాలే వింతగా అతుక్కున్నాయి

స్ప్రేయర్తో, టిల్లర్కు, ఫోన్లో. పొల్లుతో ముగిసే మాటకు తో, కు, లో తగిలిస్తే పొల్లు కింద ఒత్తు చేరి చదవడం కష్టమవుతుంది. రెండింటి మధ్య కనిపించని విడదీత గుర్తు పెట్టడం ఒక మార్గం, కానీ చాలా ఫోన్ కీబోర్డుల్లో దాన్ని వెతుక్కోవాలి. తెలుగు పద్ధతి ఇంకా సులువు: చివర ఉకారం చేర్చండి. స్ప్రేయరుతో, టిల్లరుకు, ఫోనులో.

డీటీపీ సెంటరులో అను ఫాంట్లతో టైపు చేయించిన కరపత్రం నుంచి నకలు తీసి అతికిస్తే గుర్తులూ ఇంగ్లిషు అక్షరాలూ కలగలిసిన చెత్త వస్తుంది. ఆ ఫాంట్లు ఫోన్లన్నీ చదవగల అక్షర పద్ధతి అయిన యూనికోడ్‌వి కావు. తెలుగు ఆకారాలను వేరే అక్షరాల స్థానాల్లో దాచుకుంటాయి. ఫోను పాడైందని అనుకోనక్కర్లేదు. టైపు చేసినవారినే యూనికోడ్‌లోకి మార్చి ఇమ్మనండి, కుదరకపోతే పీడీఎఫ్ తీసుకోండి. మార్చి ఇచ్చాక ఒత్తులనూ మోతాదు అంకెలనూ అచ్చు ప్రతితో ఒక్కొక్కటిగా పోల్చి చూసి అప్పుడే పంపండి.