నెట్ రావట్లేదా, వైఫై రావట్లేదా?

నరసన్నపేట నుంచి మా పిన్ని ఫోన్ చేసి, "ఒరే, నెట్టు రాట్లేదు, ఏటి సెయ్యాల?" అంటుంది. "ఫోన్లో వైఫై గుర్తు ఉందా పిన్నీ?" అంటే ఉందంటుంది. అంటే వైఫై ఉంది, నెట్ లేదు. సగం టెన్షన్ ఈ రెండూ ఒకటే అనుకోవడం వల్లే. వైఫై అంటే ఇంట్లో పెట్టిన నెట్ డబ్బాకీ మీ ఫోన్‌కీ మధ్య గాల్లో ఉండే లింకు. నెట్ మాత్రం వీధిలోంచి ఫైబర్ తీగలో ఆ డబ్బాలోకి రావాలి. ఏది పోయిందో చెప్పగలిగితే కేబుల్ అబ్బాయి రెండుసార్లు తిరగక్కర్లేదు.

సమస్య: డబ్బా మీద ఎర్ర లైటు

ఫైబర్ వచ్చి చేరే డబ్బా పేరు ఓఎన్‌టీ. చాలా ఇళ్లలో వైఫై ఇచ్చే రౌటర్ కూడా అందులోనే ఉంటుంది, మనం రెంటినీ కలిపి మోడెం అనేస్తాం. దానిమీద ఎల్ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా సిగ్నల్ డబ్బాదాకా రావట్లేదని అర్థం. ఫైబర్‌లో నడిచేది కరెంటు కాదు, వెలుగు. తీగలోని గాజు పోగు తెగితే, డబ్బాని ఎన్నిసార్లు ఆపి వేసినా ఆ వెలుగు రాదు.

కారణం చాలావరకు బయటే ఉంటుంది. మన వైపు ఈ తీగలు ఎక్కువగా స్తంభాల మీంచి వేలాడుతూ వస్తాయి. కొబ్బరి మట్ట పడినా, ఎత్తుగా లోడేసిన లారీ తగిలినా తెగుతాయి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలే నేలకొరిగాయి, ఇక తీగల సంగతి చెప్పేదేముంది! అలాగని ముందే వీధిలోకి పరుగెత్తకండి. మా ఇంట్లో ఓసారి ఎర్ర లైటు వెలిగితే పొద్దంతా స్తంభాల వంకే చూశాను. తీరా చూస్తే బీరువా జరిపినప్పుడు డబ్బా వెనకాల సన్న తీగ నలిగింది. దాన్ని ప్యాచ్ కార్డ్ అంటారు. గట్టిగా మడత పడితే చాలు, వెలుగు పక్కకి పోతుంది.

పరిష్కారం: ఆ తీగని వదులుగా, పెద్ద చుట్టగా ఉంచండి. డబ్బాలో దూర్చే మూతి సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. ఊడదీస్తే దాని కొసలోకి కన్ను పెట్టకండి, ఆ లేజర్ కంటికి కనపడదు. అప్పటికీ ఎరుపు పోకపోతే కేబుల్ అబ్బాయికి ఫోన్ చేసి "నెట్ రావట్లేదు" అనకండి, "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అనండి. తెగిన పోగుని అతికించే స్ప్లైసింగ్ మిషన్ వెంట తెచ్చుకుంటాడు.

సమస్య: లైట్లన్నీ పచ్చగానే ఉన్నాయి, సైట్లు తెరుచుకోవు

ముందు రీచార్జ్ తేదీ చూడండి. నవ్వకండి, నాకొచ్చే ఫోన్లలో ఇదే ఎక్కువ. అది బాగానే ఉండి, వాట్సాప్ వెళ్తూ బ్రౌజర్ మాత్రం మొరాయిస్తే డీఎన్ఎస్‌ని అనుమానించాలి. సైట్ల అసలు చిరునామాలు అంకెలు, వాటినే ఐపీ అడ్రస్ అంటారు. మనం పేరు చెబితే ఆ అంకెలు వెతికిచ్చేది డీఎన్ఎస్. ఫోన్ వైఫై సెట్టింగుల్లో డీఎన్ఎస్ దగ్గర 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెట్టి చూడండి.

సమస్య: 100 ఎంబీపీఎస్ ప్లాన్, డౌన్‌లోడ్ 12 దాటదు

ఇందులో మోసం లేదు. ప్లాన్‌లో చెప్పేది బిట్లలో, డౌన్‌లోడ్ చూపించేది బైట్లలో. కుంచానికి ఎనిమిది తవ్వలైనట్టు బైటుకి ఎనిమిది బిట్లు. 100ని 8తో భాగిస్తే పన్నెండున్నర. నెలాఖరులోనే నత్తనడకైతే అది వేరే సంగతి. ప్లాన్‌లో ఎఫ్‌యూపీ అని ఉంటే, ఇచ్చిన డేటా వాడేశాక స్పీడు తగ్గిస్తారు.

సమస్య: హాల్లో బాగుంది, పెరటి గదిలో లేదు

వైఫై లిస్టులో మీ ఇంటి పేరు రెండుసార్లు, ఒకదాని చివర 5జీ అని కనిపిస్తుందా? అది ఫోన్ సిమ్‌లోని 5జీ కాదు, 5 గిగాహెర్ట్జ్. వేగం ఎక్కువే గానీ గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వేగం తక్కువ, దూరం వెళ్తుంది. పెరటి గదిలో ఇది, అంటే చివర 5జీ అని లేని పేరు వాడండి. డబ్బాని టీవీ వెనక దాచకుండా ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి. పాత ఇళ్ల మందపాటి మట్టి గోడలకి ఇదీ చాలకపోవచ్చు. అప్పుడు ఆ గదిదాకా ఒక ల్యాన్ కేబుల్ లాగి, అక్కడ రెండో రౌటర్ పెట్టించుకోండి. వైఫైని దూరం పెంచే చవక ఎక్స్‌టెండర్ల కన్నా నాకు అదే నయమనిపించింది.