చేత్తో నడిపితే నడిచే స్క్రిప్ట్ బూట్‌లో ఎందుకు నడవదు?

రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న లైనక్స్ బోర్డులో, టెర్మినల్ నుంచి చక్కగా నడిచే స్క్రిప్ట్ కరెంటు తీసి పెట్టాక మొదలవకపోతే వెంటనే కోడ్ మార్చకండి. చాలాసార్లు తేడా అంతా పరిసరాల్లోనే ఉంటుంది. బూట్‌లో ప్రోగ్రామ్‌లను మొదలుపెట్టి చూసుకునే సిస్టమ్‌డీ కింద సర్వీసుగా నడిచేటప్పుడు, మీ టెర్మినల్ సెట్టింగులుండే బాష్ఆర్‌సీ ఫైలును ఎవరూ చదవరు. యూజర్ పేరు ఇవ్వకపోతే స్క్రిప్ట్ రూట్‌గా, అంటే అన్ని అధికారాలున్న యూజర్‌గా నడుస్తుంది, మొదలయ్యే ఫోల్డర్ కూడా మీ హోమ్ కాదు, అన్నిటికంటే పైనుండే '/'.

ముందు లాగ్ చదవండి. 'సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్' పక్కన సర్వీస్ పేరు ఇచ్చి, 'లోడెడ్' వరుస చూడండి. అక్కడ 'డిజేబుల్డ్' అని ఉంటే 'ఎనేబుల్' చేయడం మరిచారన్నమాట. 'స్టార్ట్' ఆ ఒక్కసారికే పనిచేస్తుంది. తర్వాత 'జర్నల్‌సీటీఎల్'ను '-యు' సర్వీస్ పేరుతో, '-బీ'తో కలిపి నడిపితే ఈ బూట్‌కు చెందిన సందేశాలు మాత్రమే వస్తాయి.

అందులో కనిపించే ఎగ్జిట్ కోడ్, అంటే ప్రోగ్రామ్ ఎలా ముగిసిందో చెప్పే అంకె, దాదాపు జవాబు చెప్పేస్తుంది. 200 అంటే వర్కింగ్ డైరెక్టరీ దొరకలేదు. 217 అంటే మీరు రాసిన యూజర్ లేడు. 127 వస్తే స్క్రిప్ట్ లోపలి కమాండ్ ఏదో దొరకలేదు. దానికి పూర్తి పాత్ ఇవ్వండి. సిస్టమ్‌డీ బదులు, పనులను వేళకు నడిపే క్రాన్‌లో '@రీబూట్' వాడేవాళ్లకు ఈ చిక్కు మరీ ఎక్కువ, అక్కడ కమాండ్ల కోసం వెతికే 'పాత్' జాబితాలో రెండు మూడు ఫోల్డర్లకు మించి ఉండవు.

ఎక్కువ సమయం తినేది 203. ఫైలుకు ఎగ్జిక్యూట్ అనుమతి లేకపోయినా, '#!'తో మొదలయ్యే మొదటి వరుస తప్పినా ఇదే వస్తుంది. ఫైలు కళ్లెదుటే ఉన్నా 'అలాంటి ఫైలు లేదు' అని లాగ్ అంటుంటే, స్క్రిప్ట్‌ను విండోస్‌లో రాశారేమో చూడండి. వరుస చివర మిగిలిన కనిపించని క్యారేజ్ రిటర్న్ అక్షరం మొదటి వరుసలోని ఇంటర్‌ప్రెటర్ (స్క్రిప్ట్‌ను నడిపే ప్రోగ్రామ్) పేరుకు అతుక్కుని, ఆ పేరుతో ప్రోగ్రామ్ లేకుండా చేస్తుంది. 'డాస్2యునిక్స్' ఒకసారి నడిపితే పోతుంది.

అంకెలేవీ తప్పు చూపకపోతే నెట్‌వర్క్‌ను అనుమానించండి. సర్వీసు వివరాలు రాసే యూనిట్ ఫైలులో 'ఆఫ్టర్' దగ్గర నెట్‌వర్క్ టార్గెట్ రాస్తే చాలదు. వైఫై కలిసి ఐపీ వచ్చేదాకా అది ఆగదు. నెట్‌వర్క్-ఆన్‌లైన్ టార్గెట్‌ను 'వాంట్స్', 'ఆఫ్టర్' రెండింటిలోనూ పెట్టాలి. బ్యాటరీ గడియారం లేని బోర్డుల్లో ఇంకో చిక్కుంది: నెట్ నుంచి సమయం సరిచేసుకునేలోపు తేదీ పాతదై ఉండి, హెచ్‌టీటీపీఎస్ సర్టిఫికెట్లు చెల్లవని ప్రోగ్రామ్ ఆగిపోవచ్చు.

అందుకే 'రీస్టార్ట్=ఆన్-ఫెయిల్యూర్'తో పాటు 'రీస్టార్ట్‌సెక్=5' పెట్టడం మంచిది. ఆ రెండోది లేకపోతే సిస్టమ్‌డీ 100 మిల్లీసెకన్లకే మళ్లీ ప్రయత్నిస్తుంది. మామూలు పరిమితి 10 సెకన్లలో 5 సార్లు కాబట్టి, నెట్ వచ్చేలోపే చేతులెత్తేస్తుంది.

స్క్రిప్ట్ మొదలై వెంటనే మాయమైతే, కమాండ్‌ను బ్యాక్‌గ్రౌండ్‌కు పంపే '&' దాని చివర ఉందేమో చూడండి. 'సింపుల్' రకం సర్వీసులో ప్రధాన ప్రాసెస్ ముగిస్తే, బ్యాక్‌గ్రౌండ్‌కు పంపినవాటినీ సిస్టమ్‌డీ ఆపేస్తుంది. '&' తీసేయండి. పైథాన్ అయితే, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌లో వేసిన లైబ్రరీల కోసం అదే ఫోల్డర్‌లోని పైథాన్‌కు పూర్తి పాత్ ఇవ్వండి. ప్రింట్ చేసినవి లాగ్‌లో ఆలస్యంగా వస్తుంటే పైథాన్ కమాండ్‌కు '-యు' చేర్చండి.

యూనిట్ ఫైలు మార్చిన ప్రతిసారీ 'డెమన్-రీలోడ్' చేసి, ఆ తర్వాతే రీస్టార్ట్ ఇవ్వండి. సర్వీస్ అలా నడిచాక ఒకసారి బోర్డును పూర్తిగా రీబూట్ చేసి చూడండి. నెట్‌వర్క్, సమయం తాలూకు తప్పులు అప్పుడే బయటపడతాయి.