బేస్‌బాల్ స్కోరుకార్డు చదవడం – 5వ పాఠం: రిలీఫ్ పిచ్చర్ లెక్కలు

ఆట మొదలుపెట్టిన పిచ్చర్ (బంతి విసిరేవాడు) అంకెలు కిందటి పాఠంలో చూశాం. తికమకంతా మధ్యలో దిగేవాడి దగ్గరే, అంటే రిలీఫ్ పిచ్చర్ దగ్గరే. నమూనాగా 1924 అక్టోబరు 10న జరిగిన వరల్డ్ సిరీస్ ఏడో ఆట తీసుకుందాం: వాషింగ్టన్ సెనేటర్స్ 4, న్యూయార్క్ జెయింట్స్ 3, మొత్తం 12 ఇన్నింగ్స్. మనం చూడాల్సింది వాషింగ్టన్ పిచ్చర్ ఫిర్పో మార్‌బెరీని. పిచ్చర్‌ని ప్రధానంగా రిలీఫ్‌కే వాడడం అప్పట్లో అరుదు. 1925లో అతను 55 ఆటల్లో దిగి ఒక్కటీ మొదలుపెట్టలేదు.

ముందు వాషింగ్టన్ పిచ్చర్ల ఇన్నింగ్స్ గడి: ఆగ్డెన్ 0.1, మోగ్రిడ్జ్ 4.2, మార్‌బెరీ 3.0, జాన్సన్ 4.0. క్రికెట్ ఓవర్లలాగే ఇక్కడా చుక్క తర్వాతది దశాంశం కాదు, అదనపు ఔట్లు. ఔట్లుగా మార్చి కూడండి: 1+14+9+12 = 36. ఇన్నింగ్స్‌కి మూడు ఔట్లు కాబట్టి మూడుతో భాగిస్తే 12. కుదరకపోతే ఎక్కడో తప్పు రాశారన్నమాట.

ఇక పరుగులు. ఆరో ఇన్నింగ్స్‌లో ఒక్క ఔటూ కాకముందే, జెయింట్స్ ఆటగాళ్లు యంగ్స్, కెల్లీ బేస్‌ల మీద ఉండగా మోగ్రిడ్జ్‌ని తప్పించి మార్‌బెరీని దింపారు. మ్యూసెల్ కొట్టిన ఎత్తు బంతిని పట్టి అతన్ని ఔట్ చేసినా, ఆ వెంటనే యంగ్స్ పరుగు పూర్తి చేశాడు. విల్సన్ సింగిల్ (మొదటి బేస్ దాకా చేర్చే దెబ్బ) కొట్టాడు. తర్వాత వాషింగ్టన్ ఫీల్డర్లు జడ్జి, బ్లూజి వరసగా చేసిన ఎర్రర్ల (ఫీల్డింగ్ తప్పుల) వల్ల కెల్లీ, విల్సన్ కూడా పరుగులు పూర్తి చేశారు. మార్‌బెరీ చేతిలో బంతి ఉండగా మూడు పరుగులొచ్చినా, అతని ఖాతాలో పడేది విల్సన్‌ది ఒక్కటే. అదీ ఎర్రర్ వల్ల వచ్చింది కాబట్టి ఎర్న్‌డ్ రన్ (ఎర్రర్ల వల్ల కాకుండా వచ్చిన పరుగు) గడిలో సున్నా. బేస్ మీదికి ఎవరు ఎక్కనిచ్చారో పరుగు వాళ్లదే. కొత్తవాళ్లు పొరపడేది ఇక్కడే.

సేవ్ (ఆధిక్యాన్ని కాపాడి ఆట ముగించిన రిలీఫ్ పిచ్చర్‌కి ఇచ్చే గుర్తింపు) ఎవరికి? ఎవరికీ లేదు. మార్‌బెరీ జట్టు వెనకబడి ఉండగానే బయటికొచ్చాడు; ఆట ముగించిన జాన్సన్‌కి గెలుపే దక్కింది, ఒకే ఆటలో రెండూ ఇవ్వరు. ఇప్పటి నిబంధన ప్రకారం, ఆట ముగించినవాడు ఆధిక్యం చేజారనివ్వకుండా ఈ మూడింటిలో ఒకటి చేయాలి: మూడు పరుగులకు మించని ఆధిక్యంతో దిగి కనీసం ఒక ఇన్నింగ్స్ వేయడం; స్కోరు సమం చేయగల ఆటగాడు బేస్ మీదో, బ్యాటింగ్‌లోనో, తర్వాతి వంతులోనో ఉండగా దిగడం; కనీసం మూడు ఇన్నింగ్స్ వేయడం.

1969లో సేవ్ అధికారిక లెక్కలోకి వచ్చినప్పుడు ఆధిక్యం ఎంతన్న పట్టింపు లేదు. అంతకుముందు ఆటలకు తర్వాతెప్పుడో లెక్కగట్టారు. మార్‌బెరీకి 1926లో చూపే 22 సేవ్‌లు అలా వచ్చినవే. వాటిని నేటి అంకెల పక్కన నేరుగా పెట్టకండి.

అభ్యాసం: నాలుగు పరుగుల ఆధిక్యం, తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు బేస్‌ల మీద. కొత్త పిచ్చర్ దిగి ఆట ముగించాడు. సేవ్ ఉందా? బేస్‌లు ఖాళీగా ఉంటే? జవాబులు 6వ పాఠంలో.