కారులో చప్పుడు తగ్గిద్దాం – 3వ పాఠం: తలుపు విప్పుదాం

మొదటి రెండు పాఠాల పని అయిపోయిందా? కాకపోతే ఈ పాఠం చదవండి గానీ తలుపు మాత్రం ఇప్పుడే విప్పొద్దు. టైర్లలో గాలి సరిగ్గా లేని బండికి, చక్రం బేరింగ్ అరిగి గుయ్యిమంటున్న బండికి తలుపుల్లో చప్పుడు తగ్గించే షీట్లు ఎన్ని అంటించినా డబ్బులు పోతాయి, చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ పాఠంతోనే మొదలుపెట్టేవాళ్ల కోసం క్లుప్తంగా చెప్తాను. బండి నిలబెట్టి, అద్దాలు మూసి, న్యూట్రల్‌లో 2500 ఆర్‌పీఎం దాకా రేస్ చేస్తే లోపల వినిపించేదంతా ఇంజన్ చప్పుడు. ఖాళీ రోడ్డు మీద 80 వేగంలో ఒక్క రెండు మూడు సెకన్లు క్లచ్ నొక్కితే ఇంజన్ గొంతు తగ్గుతుంది, అప్పుడు ఇంకా మిగిలిన హోరు టైర్లది, గాలిది. ఈ పరీక్షలో ఇంజన్ ఆఫ్ చేయడం అనే ఆలోచనే రానివ్వొద్దు, బ్రేకు పెడల్ గట్టిపడి తొక్కడం కష్టమవుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది. రెండో పాఠం టైర్ల గురించి. పొద్దున్నే, బండి కదలకముందు, డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసుంటే అంతే గాలి పెట్టించాలి. అంతకన్నా ఎక్కువ కొట్టిస్తే టైరు బండలా గట్టిపడి ప్రతి గులకరాయినీ మనకు వినిపిస్తుంది. అదంతా అయినవాళ్లు ముందుకు రండి.

తలుపులతో ఎందుకు మొదలుపెడుతున్నానో ముందు చెప్పాలి. మేం అనంతపురం నుంచి తాడిపత్రికి అక్కావాళ్లింటికి తరచుగా పోతుంటాం. ఆ రోడ్డు మీద బండల లారీలు, సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. లారీ పక్కనుంచి పోయిన ప్రతిసారీ కారులో మాట ఆగిపోయేది. వెనక సీట్లో అమ్మ, ఆమెకు వినికిడి కొంచెం తక్కువ, "ఏమంటివి నాయనా, ఇనపడల్యా" అని రెండు మూడుసార్లు అడిగి, ఆ తర్వాత అడగడం మానేసి కిటికీలోంచి చూస్తూ కూర్చునేది. గంటన్నర ప్రయాణంలో మా మాటల్లో ఆమె లేకుండా పోవడం నాకు చాలా బాధగా అనిపించింది. ఈ పని నేర్చుకున్నది అందుకే. పక్కనుంచి వచ్చే చప్పుడుకు మొదటి దారి తలుపే, పైగా విప్పడానికి, మళ్లీ బిగించడానికి కొత్తవాళ్లకు అన్నిటికన్నా సులువైనది కూడా అదే.

ఇప్పుడు వంటింట్లోకి పదండి. ఒక స్టీలు కంచం తీసుకుని అంచును రెండు వేళ్లతో పట్టుకుని చెంచాతో తట్టండి. టింగ్ అని మోగి, ఆ మోత కాసేపు నిలుస్తుంది. చపాతీ పిండి నిమ్మకాయంత తీసుకుని కంచం నడుమ గట్టిగా అదిమి మళ్లీ తట్టండి. టక్ అని చచ్చిపోతుంది. కంచమంతా పిండి పూశామా? లేదే, నడుమ కొంచెం అంటించాం, అంతే. కారు తలుపు బయటి రేకు కూడా ఇలాంటి కంచమే, పలచగా వెడల్పుగా ఉంటుంది, గాలి తగిలినా పక్కన లారీ మోగినా తానూ వణికి మోగుతుంది. మనం అంటించే డ్యాంపింగ్ షీటు ఈ పిండి ముద్ద చేసే పనే చేస్తుంది. అందులో రేకుకు అంటుకునేది బ్యూటైల్ అనే రబ్బరు జిగురు, పైన అల్యూమినియం రేకు. తలుపు వణికినప్పుడు కింది రేకుకూ పై రేకుకూ మధ్య జిగురు అటూ ఇటూ సాగి, ఆ వణుకును కొద్దిపాటి వేడిగా మార్చేస్తుంది. అందుకే బయటి రేకులో పావు వంతు నుంచి సగం దాకా, అదీ నడిమి భాగంలో, అంటిస్తే చాలు. "మొత్తం కప్పేయండి సార్, ఫుల్ ప్యాకేజీ" అని ఎవరన్నా అంటే వినొద్దు. సగం దాటాక పెట్టే ప్రతి రూపాయికీ దక్కేది తక్కువ, బరువు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 2 మిల్లీమీటర్ల షీటు చదరపు మీటరుకు సుమారు 3 కిలోలు తూగుతుంది.

కానీ పిండి అంటించిన కంచం మీ మాటను ఆపుతుందా? ఆపదు. మోగకుండా చేయడం వేరు, బయటి చప్పుడును లోపలికి రానివ్వకుండా ఆపడం వేరు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ఆపడానికి రెండు కావాలి: బరువున్న గోడ, సందు లేని గోడ. చప్పుడును డెసిబెల్స్‌లో కొలుస్తారు. సందుల గురించి ఒక లెక్క చెప్తాను, బాగా గుర్తుపెట్టుకోండి. గోడలో వందో వంతు జాగా తెరిచి ఉంటే, మిగతా గోడ ఎంత మందంగా ఉన్నా మొత్తం మీద 20 డెసిబెల్స్‌కు మించి ఆపలేదు. అంటే ఎండకు గట్టిపడి పగిలిన తలుపు రబ్బరు, దాన్నే మన మెకానిక్‌లు బీడింగ్ అంటారు, ఎన్నో షీట్ల పనిని ఒక్కటే పాడు చేయగలదు.

కాబట్టి తలుపు విప్పే ముందు బీడింగ్ చూడండి. పది రూపాయల నోటు సగం బయట, సగం లోపల ఉండేలా పెట్టి తలుపు మూసి మెల్లగా లాగండి. పట్టుగా వస్తే బాగుంది, జారి ఊడొస్తే అక్కడ రబ్బరు అణగడం లేదు. తలుపు చుట్టూ జానెడు దూరానికి ఒకసారి ఇలా చేయండి, ముఖ్యంగా అద్దం పై మూల దగ్గరా, సైడ్ మిర్రర్ వెనకా. రబ్బరులో ఎర్రమట్టి పేరుకుని ఉంటే తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ గ్రీజు వేలితో పలచగా రాయండి. పెట్రోలు, ఇంజన్ ఆయిల్ రాయొద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. నోటు జారినచోట రబ్బరు బాగానే ఉండి తలుపే కొంచెం వదులుగా ఉంటే, తలుపు కొక్కెం పడే కొండీని కాస్త లోపలికి జరిపి బిగించమని మెకానిక్‌కు చెప్పండి. ఒక్కోసారి ఆ చిన్న పనితోనే గాలి ఈల ఆగిపోతుంది.

షీటు కొనేటప్పుడు జాగ్రత్త. నాలుగేళ్ల కిందట మా ఊళ్లోనే ఒక షాపులో నాలుగు తలుపులకూ షీట్లు వేయించాను. వాళ్లు వేసినవి తారు షీట్లని నాకు తెలియలేదు. ఏప్రిల్ వచ్చేసరికి, మన అనంతపురం ఎండ గురించి చెప్పేదేముంది, మధ్యాహ్నం తలుపు తీస్తే కొత్తగా రోడ్డు వేస్తున్న వాసన. జిగురు మెత్తబడి షీట్లు కిందికి జారి తలుపు అడుగున ఉండే నీళ్ల రంధ్రాలను మూసేశాయి. వానలు పడ్డాక తలుపు వేసినప్పుడల్లా లోపల నీళ్లు గుళగుళమనేవి. విప్పి చూస్తే అడుగు మడతలో తుప్పు మొదలైంది. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను, కొనేముందు చిన్న ముక్క అడిగి తీసుకోండి. జిగురును వేళ్లతో లాగితే బ్యూటైల్ దారంలా సాగుతుంది, తారుది తెగి విరుగుతుంది, వాసనే చెప్పేస్తుంది. ఆ ముక్కను ఇంటి ఇనుప గేటుకు నిలువుగా అంటించి చుట్టూ పెన్సిలుతో గీత గీసి రెండు రోజులు ఎండలో వదిలేయండి. గీత దాటి జారిందా, ఆ సరుకు వద్దు.

ఇక పని. ముందు డ్రైవర్ తలుపు ఒక్కటే చేయండి, నాలుగూ ఒకేరోజు పెట్టుకోవద్దు, మొదటి తలుపుకు మూడు గంటలన్నా పడుతుంది. ఎండాకాలమైతే ఆరున్నరకే నీడలో మొదలుపెట్టండి, పది దాటితే రేకు చెయ్యి పెట్టనివ్వదు. డిసెంబరులో దీనికి తలకిందులు, కాస్త ఎండ తగిలి రేకు గోరువెచ్చగా అయ్యాకే షీటు బాగా పట్టుకుంటుంది. కావలసినవి స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబర్ స్పానర్, ప్లాస్టిక్ బద్ద, చిన్న రోలర్, కత్తెర, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత గుడ్డలు, మందపాటి గ్లవ్స్. గ్లవ్స్ లేకుండా చేయొద్దు, షీటు అంచు బ్లేడులా కోస్తుంది. తలుపు లోపలివైపు బిగించి ఉండే ప్లాస్టిక్ పలకను డోర్ ప్యాడ్ అంటారు, దాని క్లిప్పులు ఐదారు ముందే కొని పెట్టుకోండి, పాత బండిలో ఒకటి రెండు విరగడం మామూలే.

అద్దం పూర్తిగా పైకి ఎక్కించి, తాళం జేబులో పెట్టుకుని, బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పది నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ వైర్ల కోసం ఈ జాగ్రత్త. లోపల పసుపు రంగు కనెక్టర్ గానీ, పక్క ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ గానీ కనబడితే దాన్ని ముట్టుకోవద్దు, దాని దగ్గర షీటు అంటించొద్దు. ఇప్పుడు డోర్ ప్యాడ్. స్క్రూలు ఎక్కువగా హ్యాండిల్ వెనక చిన్న మూత కింద ఒకటి, చేత్తో లాగే గుంటలో ఒకటి, అడుగున ఒకటి రెండు దాక్కుని ఉంటాయి. అన్నీ తీశాక కింది మూలలో ప్లాస్టిక్ బద్ద దూర్చి ఒక్కో క్లిప్పూ టప్ మని ఊడేదాకా చుట్టూ రండి, తర్వాత ప్యాడ్‌ను పైకెత్తితే అద్దం గాడిలోంచి వస్తుంది. విసురుగా లాగొద్దు. వెనక స్విచ్ వైరు, హ్యాండిల్ కేబులు తగులుకునే ఉంటాయి. విప్పేముందు వాటిని ఫోనులో ఫొటో తీసుకోండి.

ప్యాడ్ వెనక ప్లాస్టిక్ కాగితం ఒకటి నల్ల జిగురుతో అంటించి ఉంటుంది. దాన్ని పనికిరాని కవర్ అనుకుని చింపేసినవాళ్లను చూశాను. వాన నీళ్లు కారులోకి రాకుండా ఆపేది అదే, చప్పుడును కూడా ఎంతో కొంత ఆపుతుంది. జిగురును మెల్లగా సాగదీస్తూ, అవసరమైనచోట బ్లేడుతో కోస్తూ ఊడదీసి, దుమ్ము తగలకుండా పైకి మడిచి టేపు వేయండి.

ఇప్పుడు పెద్ద రంధ్రాల్లోంచి బయటి రేకు లోపలివైపు కనబడుతుంది. గుడ్డ పెట్టి తుడవండి, ఎంత ఎర్రమట్టి వస్తుందో చూస్తారు. తడిగుడ్డతో రెండుసార్లు, ఆరాక ఆల్కహాల్‌తో ఒకసారి, గుడ్డ తెల్లగా వచ్చేదాకా. ఈ పని విసుగనిపిస్తుంది గానీ షీటు ఏళ్ల తరబడి నిలిచేదీ, ఆరు నెలలకు ఊడేదీ ఇక్కడే తేలిపోతుంది. తర్వాత బయటినుంచి వేలి కణుపుతో తలుపంతా తట్టి వినండి. బోలుగా డబడబమనేచోట చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి. మామూలుగా అడ్డంగా ఉండే ఇనుప కమ్మీకి పైనా కిందా ఉన్న వెడల్పు జాగా అది.

షీటును అరచేతి రెండింతల ముక్కలుగా కత్తిరించుకోండి, పెద్ద ముక్క రంధ్రంలోంచి దూరదు, మడత పడి మనకే అంటుకుంటుంది. కాగితం సగం ఊడదీసి ఒక అంచు అంటించి, మిగతాది లాగుతూ అదమండి. పైన అచ్చు గీతలు చదునయ్యేదాకా రోలర్‌తో బలంగా నొక్కాలి. గీతలు కనబడుతున్నాయంటే కింద గాలి ఉన్నట్టే. కమ్మీకీ రేకుకూ మధ్య మెత్తటి జిగురు చుక్కలుంటే వాటి జోలికి పోవద్దు, అద్దం కిందికి దిగే దారికి ఏదీ అడ్డం రావొద్దు. అడుగున ఉన్న నీళ్ల రంధ్రాలకు నాలుగు వేళ్ల ఎడం తప్పనిసరి. నా తలుపుకు పట్టిన తుప్పు మీ తలుపుకు పట్టకూడదు.

లోపలి రేకు మీద స్పీకర్ చుట్టూ రెండు మూడు ముక్కలు చాలు. పెద్ద రంధ్రాలను కూడా షీటుతోనే మూసేయమని కొందరు చెప్తారు, చప్పుడు ఇంకొంచెం తగ్గే మాట నిజమే. కానీ రేపు అద్దం మోటారు పాడైతే మెకానిక్ అదంతా కోసుకుంటూ పోవాలి. కుటుంబం తిరిగే బండికి పాత ప్లాస్టిక్ కాగితాన్నే కొత్త బ్యూటైల్ టేపుతో సందు లేకుండా అంటించడం మేలని నా అభిప్రాయం. వదులుగా వేలాడే వైర్లకు ఫెల్ట్ టేపు చుట్టండి. ప్యాడ్ వెనక, రేకుకు తగిలేచోట మాత్రం, 5 మిల్లీమీటర్ల ఫోమ్ అంటించండి. అది నీళ్లు పీల్చని రకమై ఉండాలి, సోఫాలో వాడే స్పాంజి తలుపులో పెడితే తడి నిలిచిపోతుంది.

ప్యాడ్ బిగించేముందు స్విచ్ కలిపి, బ్యాటరీ పెట్టి, అద్దం, లాక్, హ్యాండిల్, స్పీకర్ అన్నీ పనిచేస్తున్నాయో చూసుకోండి. అద్దం మీద రెండు చెంబుల నీళ్లు పోయండి. అడుగు రంధ్రాల్లోంచి ధారగా కారిపోవాలి, ప్లాస్టిక్ కాగితం లోపలివైపు చుక్క కూడా రాకూడదు. ఒక్క నొక్కుతో పూర్తిగా ఎక్కే అద్దమైతే బ్యాటరీ తీసినందువల్ల అది ఎక్కడ ఆగాలో మళ్లీ నేర్పించాల్సి రావచ్చు, ఎలాగో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

తేడా మీకు మొదట వినబడేది తలుపు వేసినప్పుడు. రేకు డబ్బా మూసినట్టుండే చప్పుడు పోయి, చెక్కపెట్టె మూసినట్టు దబ్ అంటుంది. డ్రైవర్ తలుపు ఒక్కటే చేసిన రోజు దాన్నీ పక్క తలుపునూ వేసి చూసి పోల్చుకోండి. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టి చూస్తే అంకె పెద్దగా మారకపోవచ్చు, నాకూ మారలేదు. ఆ అంకెలో టైర్ల హోరు కూడా కలిసే ఉంటుంది, అది నేలలోంచి, వెనక చక్రాల గూళ్లలోంచి వస్తుంది, తలుపులు దాన్ని ఆపలేవు. పైగా 3 డెసిబెల్స్ తగ్గితే చెవికి కొద్దిగానే తెలుస్తుంది, సగం అయినట్టు అనిపించాలంటే 10 తగ్గాలి. లారీ పక్కనుంచి పోయినప్పుడు మాత్రం ఇప్పుడు మాట ఆపాల్సిన పని లేదు. పోయిన నెల తాడిపత్రి పోతుంటే అక్క కూతురు చదువు గురించి మేం ముందు సీట్లలో మాట్లాడుకుంటుంటే, వెనకనుంచి అమ్మ "హాస్టల్ వద్దు, ఇంట్లోనే ఉండి చదువుకోనీ" అనింది.

వచ్చే పాఠం నేల, డిక్కీ, వెనక చక్రాల గూళ్లు. దానికి ముందు ఒక పని చేసి పెట్టుకోండి. డ్రైవింగ్ ఇంకొకరికి ఇచ్చి మీరు వెనక సీట్లో కూర్చుని, 44వ నంబరు హైవే మీద 80 వేగంలో పోతున్నప్పుడు అరచెయ్యి ముందు నేల మీద, తర్వాత చక్రం గూడు పైన ఆనించి, ఎక్కడ వణుకు ఎక్కువుందో కాగితం మీద రాసుకోండి. ఒకసారి తారు రోడ్డు మీద, ఒకసారి సిమెంటు రోడ్డు మీద. రెండిటికీ తేడా చాలా ఉంటుంది, ఆ కాగితం పక్కన పెట్టుకునే నాలుగో పాఠం మొదలుపెడదాం.