కాలువ పూడిపోయినా పన్ను తగ్గదా? చెన్నైలో ఎవరిని, ఎలా అడగాలి?

చెన్నైలో కాలువ పక్కన ఇల్లున్నవాళ్లు చాలామంది ఒకే అర్జీ రాస్తారు: పూడిక తియ్యలేదు కాబట్టి ఇంటిపన్ను తగ్గించండి అని. ఆ కాగితం రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది, ఎందుకంటే పన్ను వేసేది కార్పొరేషన్, కాలువ మాత్రం చాలాచోట్ల దానిది కాదు. రెండు అర్జీలు విడివిడిగా పెట్టండి.

ముందు కాలువ ఎవరిదో తేల్చుకోండి. కూవం, అడయారు నదులు, బకింగ్‌హాం కాలువ రాష్ట్ర జలవనరుల శాఖవి. వీధి వాననీటి కాలువలు, కొన్ని చిన్న కాలువలు కార్పొరేషన్‌వి. ఒకప్పుడు ఆంధ్ర తీరం నుంచి సరుకు పడవలు వచ్చిన బకింగ్‌హాం కాలువలో ఇప్పుడు మైలాపూరు దగ్గర రైలు వంతెన స్తంభాలున్నాయి. అలాంటిచోట పూడిక, గుర్రపుడెక్క పేరుకుంటే నీళ్లు కదలవు. అడయారు, కూవం సముద్రంలో కలిసేచోట ఇసుక మేట వేస్తే మీ వీధి దగ్గర ఎంత తవ్వినా లాభం లేదు, అందుకే మేట తియ్యమని కూడా అదే అర్జీలో అడగండి.

ఈశాన్య రుతుపవనాలు అక్టోబరులో వస్తాయి. సెప్టెంబరులో అడిగితే ఆలస్యమే, మే, జూన్‌లోనే కదలండి. తేదీ కనిపించే ఫొటోలు, దగ్గరి వంతెన పేరు, సర్వే నంబరు జతచేసి ఇచ్చి, రసీదు తీసుకోండి. కార్పొరేషన్ కాలువైతే 1913కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసిపెట్టుకోండి. అర్జీ తమిళంలో ఉంటే పని త్వరగా కదులుతుంది. మన తెలుగువాళ్లలో తమిళం మాట్లాడటం వచ్చినా రాయడం రానివాళ్లు ఎక్కువ కాబట్టి ఇక్కడి బడిలో చదివిన పిల్లల చేత రాయించండి.

జవాబు రాకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. చివరిసారి పూడిక ఎప్పుడు తీశారు, ఎన్ని ఘనపు మీటర్లు, ఎక్కడ పోశారు? ఈ మూడో ప్రశ్న వదలొద్దు. తీసిన మట్టిని గట్టు మీదే కుప్పపోస్తే పెద్ద వాన పడగానే మళ్లీ కాలువలోకే జారుతుంది. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు చెయ్యండి. అయితే వీటన్నిటికంటే ముందు మీ ప్రహరీ పోరంబోకులోకి రాలేదని పట్టాలో, సర్వే పటంలో చూసుకోండి, లేదంటే కొలతలకి వచ్చినవాళ్లు మీకే నోటీసు ఇస్తారు.

ఇక పన్ను. వీధికి పెట్టిన రేటు, ఇంటి విస్తీర్ణం, వాడకాన్ని బట్టి లెక్కకడతారు. పూడికకి అందులో చోటు లేదు. 2022లో పాత నగర పరిధిలోని ఇళ్లకి విస్తీర్ణాన్ని బట్టి 50 నుంచి 150 శాతం దాకా పెంచారు కాబట్టి కొలత తప్పైతే నష్టం పెద్దదే. ప్లింత్ ఏరియా (గోడలతో కలిపి కట్టడం విస్తీర్ణం), సొంత వాడకమా అద్దెకా, కట్టడం వయసు సరిచూసుకుని, తేడా ఉంటే కార్పొరేషన్ జోనల్ ఆఫీసులో రివిజన్ పిటిషన్ (పన్ను సరిచెయ్యమనే అర్జీ) ఇవ్వండి.

వీధి రేటే అన్యాయమనిపిస్తే ఒక్కరు అడిగితే సరిపోదు, వీధంతా సంతకాలు పెట్టి కౌన్సిలర్ ద్వారా వెళ్లాలి. ఈ పన్నుకి మూలం ఇల్లు ఎంత అద్దె తెస్తుందన్న అంచనా, కాబట్టి కాలువ వైపు ఇళ్ల అద్దె ఒప్పందాల్ని, రెండు వీధుల అవతల అదే సైజు ఇళ్ల ఒప్పందాల్ని పక్కపక్కన పెట్టి చూపించండి. వరదొచ్చిన రోజుల ఫొటోల కంటే ఈ కాగితాలే బలమైన సాక్ష్యమని నా నమ్మకం.

కోపంతో పన్ను కట్టడం మాత్రం ఆపొద్దు, బకాయిదారుడని మీ అర్జీనే పక్కన పడేస్తారు. ఏప్రిల్‌లో, అక్టోబరులో మొదలయ్యే అర్ధ సంవత్సరాల తొలి నెలలోనే కడితే 5 శాతం, 5,000 రూపాయలకి మించకుండా, తగ్గింపు వస్తుంది. ఆ రసీదు కాపీని పిటిషన్‌కి జతచెయ్యండి.